రెండు టాపిక్‌లు కావు, ఒకటే ప్రశ్న

ఉత్తరం: నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. టీమ్ మీటింగుల్లో జరిగేది చూసి చూసి సైకాలజీ మీద మనసు పడింది. ఉద్యోగం మానేసి ఎమ్మెస్సీ సైకాలజీలో చేరాను, ఇప్పుడు సెకండియర్. పీహెచ్‌డీ చేయాలనుంది. నాకు రెండు విషయాలు ఇష్టం. నలుగురు కలిసి కూర్చుంటే కొత్త ఆలోచనలు నిజంగా పుడతాయా అన్నది ఒకటి. కులం, జిల్లా, యాస లాంటి వాటితో ఏర్పడే గుంపుల మధ్య ఏం జరుగుతుందన్నది రెండోది. మా మేడమ్ ‘రెండు పడవల మీద కాళ్లు పెట్టకు’ అంటున్నారు. నాన్నగారేమో ‘సైకాలజీ అంటే కౌన్సెలింగే కదా, క్లినిక్ పెట్టుకునే కోర్సు చెయ్యి, రీసెర్చ్ తిండి పెడుతుందా’ అంటున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మీటింగుల్లో ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసుకునేదాన్ని. అది ఇంకా నా దగ్గరుంది, పనికొస్తుందా? వయసు 26. ఈ దారిలో ఒక జీవితం ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దు, కరీంనగర్)

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఆ నోట్‌బుక్ దగ్గర ఆగిపోయాయి. పీహెచ్‌డీకి వచ్చే పిల్లలను ముప్పై ఏళ్లు చూశాను. ‘ఏ టాపిక్ తీసుకోమంటారు సార్’ అని అడిగినవాళ్లే ఎక్కువ. ఎవరూ చెప్పకుండా, మార్కుల కోసం కాకుండా, జీతానికి వెళ్లిన చోట కూర్చుని ఎవరు ఎన్నిసార్లు నోరు విప్పారో లెక్కపెట్టుకున్నవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు. డబ్బుల సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ రెండు పడవల సంగతి.

అవి రెండు పడవలు కావు. ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మీ టీమ్‌లో జరిగిన బ్రెయిన్‌స్టార్మింగ్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బోర్న్ అనే అమెరికా అడ్వర్టైజింగ్ కంపెనీ అధిపతి. ఎవరి ఆలోచననూ అప్పటికప్పుడు తప్పుపట్టకండి, ఎన్ని వస్తే అన్ని చెప్పండి అన్నది ఆయన నియమం. ఈ నియమంతో గుంపులో కూర్చుంటే మనిషికి ఒంటరిగా వచ్చేవాటికి రెట్టింపు ఆలోచనలు వస్తాయని 1950లలో ఆయన గట్టిగా రాశారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు దీన్ని పరీక్షకు పెట్టారు. కొంతమందిని నలుగురేసి గుంపులుగా కూర్చోబెట్టారు. మరికొంతమందిని విడివిడిగా ఆలోచించమని, తర్వాత నలుగురి జాబితాలను కలిపి, ఒకే ఆలోచన రెండుసార్లు వస్తే ఒకసారే లెక్కవేశారు. విడిగా కూర్చున్నవాళ్ల దగ్గరే దాదాపు రెట్టింపు ఆలోచనలు తేలాయి. ఆస్‌బోర్న్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

ఎందుకలా అన్నది తేలడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో మిషాయెల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె 1987లో వరుసగా నాలుగు ప్రయోగాలు ప్రచురించారు. నలుగురిలో ఉన్నప్పుడు ఎవరో ఒకరు చేస్తారులే అనే బద్ధకమా, ఏమనుకుంటారో అనే బెరుకా, ఇంకేదైనానా అని ఒక్కొక్కటీ విడదీసి చూశారు. బద్ధకం కొంచెం, బెరుకు కొంచెం ఉన్నాయి. అసలు దెబ్బ కొట్టింది మాత్రం చాలా మామూలు విషయం: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగినంతసేపూ చెప్పబోయే మాటను మర్చిపోకుండా పట్టుకోవాలి, అవతలివాళ్లు చెప్పేది వినాలి, కొత్తది ఆలోచించాలి. మూడూ ఒకేసారి కుదరవు. మనుషులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇంకొకరు మాట్లాడుతున్నప్పుడు మాట్లాడకూడదని దీపంతో సైగ చేసినా ఆలోచనలు తగ్గిపోయాయి. అంటే ఎదుట మనుషులు లేకపోయినా సరే, వంతు కోసం ఆగడమే చాలు.

ఇక్కడికి వచ్చాక చాలామంది ‘అయితే మీటింగులు దండగ’ అని తేల్చేస్తారు. అది తొందరపాటు. అమెరికాలోని టెక్సస్ ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాల్ పౌలస్ తన కెరీర్‌లో చాలా భాగం ఈ సమస్యకే ఇచ్చారు. మాట్లాడే బదులు చీటీల మీద రాసి పక్కవాళ్లకు అందిస్తే, ఒకరి ఆలోచన ఇంకొకరిలో మరో ఆలోచనను లేపుతుందని, అప్పుడు గుంపు ఒంటరి మనుషులను దాటగలదని ఆయన బృందం చూపించింది. గుంపులో కూర్చుని వచ్చినవాళ్లు ‘భలే జరిగింది’ అనుకుంటారు, నిజానికి తక్కువే చేసి ఉంటారు అన్న భ్రమను కూడా ఆయనే కొలిచారు. మీ మేనేజర్‌గారు మీటింగ్ అయ్యాక ఎందుకంత సంతోషంగా బయటికొచ్చేవారో ఇప్పుడు తెలిసిందా?

ఇప్పుడు మీ నోట్‌బుక్‌కి వద్దాం. 2010లో అనీటా వూలీ, ఇంకొందరు 699 మందిని చిన్న చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులిచ్చారు. గుంపులో ఎంత తెలివైనవాళ్లున్నారన్న దానికీ, గుంపు ఎంత బాగా పనిచేసిందన్న దానికీ పెద్దగా పొంతన కుదరలేదు. ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోగలిగినవాళ్లు ఉన్న గుంపులు, మాట్లాడే వంతు అందరికీ సమానంగా దక్కిన గుంపులు బాగా చేశాయి. వంతు ఎంత సమానంగా పంచుకున్నారన్నది వాళ్లకు ఒక కొలత. మీరు గీతలు గీసి కొలిచింది కూడా అదే. ఎవరూ నేర్పకుండానే అక్కడికి చేరారు.

వంతు కోసం ఆగాలి, సరే. మరి ఎవరు ఎప్పుడూ ఆగుతారు? ఎవరు ఎప్పుడూ అడ్డుపడి మాట్లాడతారు? మీ గీతల్లో కొన్ని పేర్ల ఎదురుగా వారాల తరబడి ఒక్క గీత కూడా లేదనుకోండి, ఆ పేర్లు ఎవరివి? ఈ ప్రశ్న అడిగిన క్షణాన మీ మొదటి టాపిక్ రెండోదానిలో కలిసిపోతుంది.

నా ఉద్యోగం తొలిరోజుల సంగతి ఒకటి చెప్తాను. పల్లె నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ ఒకతను, మా సెమినార్లలో అందరికంటే పదునైన ప్రశ్నలు వేసేవాడు. ఒకరోజు అతని యాసను ఒక సీనియర్ అధ్యాపకుడు అనుకరించారు, గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత అతను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, ఏడాది తిరక్కుండానే మానేసి వెళ్లిపోయాడు. అతని దగ్గర ఇంకా ఎన్ని ప్రశ్నలుండేవో మా డిపార్ట్‌మెంట్‌కు ఇక ఎప్పటికీ తెలియదు. ఆ నవ్వు నన్ను ఇవాళ్టికీ బాధపెడుతుంది. గుంపుల మధ్య సంబంధాలు వేరు, గుంపులో సృజన వేరు అని నేను నమ్మకపోవడానికి చదివిన పేపర్ల కంటే అతనే కారణం.

ఈ అనుభవాన్ని కొలిచి చూపించినవాళ్లున్నారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత చిక్కుదారి బొమ్మలు పూర్తి చేయించారు, చేసినదాన్ని బట్టి డబ్బులిచ్చారు. కులం ఎవరూ ఎత్తనప్పుడు అణగారిన కులాల పిల్లలూ పైకులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, కులం చదివాక అణగారిన కులాల పిల్లల ఫలితం పడిపోయింది. పిల్లలు వాళ్లే, బొమ్మలూ అలాంటివే. ఇది 2006లో అచ్చయింది. మరో ప్రయోగం మ్యాట్ లో అనే ఆయన చేశారు, అది 2021లో వచ్చింది. 1,261 మంది యువకులతో ఉత్తరప్రదేశ్‌లోనే నెలరోజుల క్రికెట్ లీగ్‌లు. కొందరికి వేరే కులాలవాళ్లు సొంత జట్టులో పడ్డారు, కొందరికి ఎదుటి జట్టులో పడ్డారు. ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఇతర కులాల్లో స్నేహాలు పెరిగాయి. ఎదురెదురుగా ఆడినవాళ్లలో అలాంటి మేలు జరగలేదు సరికదా, కొన్ని విషయాల్లో చెడు కూడా జరిగింది. కలిపి కూర్చోబెడితే చాలదు, ఎలా కలిపారన్నది చూడాలి. 1954లోనే అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ఈ మాట అన్నారు: సమాన స్థాయి ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, పోటీ కాకుండా సహకారం ఉండాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. మీ ఆఫీసు మీటింగ్ గదిని ఈ నాలుగింటితో ఒకసారి చూడండి.

గమనించారా, ఈ రెండు ప్రయోగాలూ ఆర్థికవేత్తలవి. మన ఊళ్ల గురించి, మన కులాల గురించి ఇంత బలమైన పని పక్క శాస్త్రం నుంచి వచ్చింది. మన సైకాలజీ డిపార్ట్‌మెంట్లు ఆ చోటును ఖాళీగా వదిలేశాయని నాకు కోపం కూడా ఉంది. మీలాంటివాళ్లు రావాలని నేను కోరుకోవడానికి అదొక కారణం.

సోషల్ సైకాలజీ, అంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ఎలా ఆలోచిస్తాడు, ఎలా మారతాడు అని చూసే ఈ శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లు కూడా రెండు టాపిక్‌లలో ఒకటి తేల్చుకుని మొదలుపెట్టలేదు. బతుకు వాళ్లకు ఒక ప్రశ్న ఇచ్చింది. సెర్జ్ మోస్కోవిసి 1925లో రొమేనియాలో యూదు కుటుంబంలో పుట్టారు. యూదులకు వ్యతిరేకంగా వచ్చిన చట్టాల వల్ల బడి నుంచి వెళ్లగొట్టారు, యుద్ధంలో వెట్టిచాకిరీ చేశారు, తర్వాత పారిస్ చేరారు. తక్కువమంది ఎక్కువమందిని ఎలా కదిలించగలరన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. 1969లో ఆయన బృందం ఆరుగురి గుంపులకు నీలం రంగు స్లైడ్లు చూపించింది. ఆరుగురిలో ఇద్దరు ముందే కూడబలుక్కుని అన్నింటినీ ‘ఆకుపచ్చ’ అన్నారు. మిగతావాళ్ల జవాబుల్లో 8.42 శాతం ఆకుపచ్చ వైపు తిరిగాయి. ఆ ఇద్దరూ ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం అన్నప్పుడు అది 1.25 శాతానికి పడిపోయింది. అంకె చిన్నదే. కానీ ఒకే మాట మీద నిలబడిన ఇద్దరు, నలుగురి కళ్లకు కనిపించేదాన్ని కదిలించారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చార్లన్ నెమెత్ అనే ఆవిడ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఒక చిన్న వర్గం ఎదురుచెబితే, అది చెప్పింది తప్పయినా సరే, విన్నవాళ్లు విషయాన్ని నాలుగు వైపుల నుంచి ఆలోచిస్తారని చూపించారు. 2004లో అమెరికాలోనూ ఫ్రాన్స్‌లోనూ ట్రాఫిక్ సమస్య ఇచ్చి చూస్తే, ‘వాదించుకోండి, తప్పులు ఎత్తి చూపండి’ అని చెప్పిన గుంపులు, విమర్శ వద్దని చెప్పిన గుంపుల కంటే వెనకబడలేదు, ముందే ఉన్నాయి. మోస్కోవిసిది గుంపుల మధ్య బలాబలాల ప్రశ్న, నెమెత్ చేతిలో అది సృజన ప్రశ్న అయింది. మీ మేడమ్‌కి ఈ ఒక్క దారం చూపించండి చాలు, పడవల మాట వెనక్కి తీసుకుంటారు.

హెన్రీ టాజ్‌ఫెల్ సంగతి మీరు సిలబస్‌లో చదివే ఉంటారు. పోలండ్ యూదుడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండగా జర్మన్లకు చిక్కి, ఖైదు నుంచి బయటికొచ్చేసరికి కుటుంబం దాదాపు మిగల్లేదు. తర్వాత బ్రిస్టల్‌లో బడిపిల్లలను పాల్ క్లే అనే చిత్రకారుడి బొమ్మ నచ్చినవాళ్లు, కాండిన్‌స్కీ అనే మరో చిత్రకారుడి బొమ్మ నచ్చినవాళ్లు అని పేరుకు విడదీశారు. నిజానికి చీట్లు వేసినట్టే పంచారు. అయినా పిల్లలు తమ గుంపువాడికే ఎక్కువ డబ్బు రాశారు. తమవాడికి వచ్చేది తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడికంటే ఎక్కువ ఉండాలి అన్నట్టు కూడా పంచారు. బొమ్మ పేరు మీదే ఇంత జరిగితే, పెళ్లిలో పక్కన కూర్చున్నాయన ‘మనోళ్లేనా?’ అని అడిగే మన దగ్గర ఎంత ఉంటుంది! ఇంగ్లీషువాళ్లు ‘ఇన్‌గ్రూప్’ (మన గుంపు) అని కొత్తగా పదం చేసుకోవాల్సి వచ్చింది. మనకు ‘మనవాళ్లు’ ఎప్పటి నుంచో ఉంది. మీ ప్రశ్నావళి తెలుగులో రాసేటప్పుడు ఈ మాటను వాడండి, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నల జాబితాను మక్కీకి మక్కీ దింపకండి.

టాజ్‌ఫెల్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆడవాళ్ల పట్ల ఆయన ప్రవర్తన మీద మాటలు బయటికొచ్చాక, ఆయన పేరు మీద ఇస్తున్న పురస్కారం పేరును యూరప్ సామాజిక మనస్తత్వవేత్తల సంఘం 2019లో మార్చింది. గైడ్‌ను వెతుక్కునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. పేపర్లు చూసి పేరు రాసుకోండి, తర్వాత ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో చేసి వెళ్లినవాళ్లతో, ముఖ్యంగా అమ్మాయిలతో, మానేసినవాళ్లతో ఫోన్లో మాట్లాడండి. స్కాలర్ పేరు పేపర్ మీద మొదట వేస్తారా, సెలవు అడిగితే ఏమంటారు, ల్యాబ్ మీటింగ్‌లో ఎవరు మాట్లాడతారు అని అడగండి. అయిదారేళ్లు మీ రోజులు వాళ్ల చేతుల్లో ఉంటాయి.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో నిజం చెప్తాను. ప్రయోగం చేసే రోజులు తక్కువ. నలుగురేసి ముప్పై గుంపులు అరగంటేసి మాట్లాడితే పదిహేను గంటల రికార్డింగ్. తెలుగూ ఇంగ్లీషూ కలగలిపి, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన మాటలను విని టైపు చేయడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత ఏది ఒక ఆలోచన, ఏది పాతదాని పొడిగింపు అని విడదీయాలి. ప్రతిదానికీ కొత్తదనానికి ఒక మార్కు, పనికొస్తుందా అన్నదానికి ఒక మార్కు. ఇదంతా ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా చేయాలి, ఇద్దరి మార్కులూ కలవకపోతే మళ్లీ మొదటికి. స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. గుంపులో కూర్చున్న నలుగురిని నలుగురు విడి మనుషులుగా లెక్కవేయకూడదు, ఎందుకంటే ఒకరి మాట ఇంకొకరిని మార్చేసింది. మన దగ్గర చాలా థీసిస్‌లు తప్పేది ఇక్కడే. మీరు బీటెక్ చేశారు, కోడింగ్ వచ్చు. ఈ లెక్కలకు వాడే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈ రంగం ఈమధ్య పెద్ద కుదుపు చూసింది, అది తెలిసే రావాలి. 2011లో నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ అనే పేరున్న ప్రొఫెసర్ డేటాను సొంతంగా పుట్టించారని బయటపడింది, ఆయన పేపర్లు డజన్లకొద్దీ వెనక్కి తీసుకున్నారు. 2015లో సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే సుమారు 36 శాతమే నిలబడ్డాయి. సోషల్ సైకాలజీ వాటా అంతకన్నా తక్కువ. నాకది అవమానంగా అనిపించింది, తర్వాత ఊరటగా కూడా అనిపించింది. ఏం చూడబోతున్నామో, ఎలా లెక్కవేయబోతున్నామో డేటా తీసుకోకముందే రాసి నమోదు చేసే పద్ధతి ఇప్పుడు గట్టిపడింది. మీరు మొదటి అధ్యయనం నుంచే అలా చేయండి. అనుకున్నది రాకపోతే రాలేదని రాయండి.

నాన్నగారి ప్రశ్నకు వస్తాను. ఆయన అడగడంలో తప్పులేదు. యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షను సైకాలజీలో రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు రూ. 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)లో రూ. 42,000, పైన ఇంటి అద్దె. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు. మీ వయసుకు జేఆర్‌ఎఫ్ అడ్డంకి లేదు. అమెరికాలో అసిస్టెంట్‌షిప్‌తో, అంటే యూనివర్సిటీలో బోధనకో పరిశోధనకో సాయపడి డబ్బు తీసుకుంటూ చదువుకోవచ్చు, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమిచ్చే ఉద్యోగమే. ఆ తర్వాతి మాట కష్టమైనది: మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయి, కాంట్రాక్టు మీదే జుట్టు నెరిసినవాళ్లు నాకు తెలుసు. ఒక్క యూనివర్సిటీ ఉద్యోగాన్నే నమ్ముకుని రావద్దు. మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థల్లో మనుషుల ప్రవర్తన) విభాగాలకు టీమ్‌ల మీద పనిచేసేవాళ్లు కావాలి. ఐఐఎంల డాక్టోరల్ ప్రోగ్రాములు చూడండి. కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, అంటే వస్తువును వాడేవాళ్లు ఎలా వాడుతున్నారో చూసే పని ఉంది, మూడేళ్ల అనుభవం అక్కడ మీకు బలం. క్లినిక్ పెట్టుకునే చదువు మంచిదే, కానీ అది వేరే పని, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న వేరే కోర్సు కావాలి. మనసు లేకుండా చేస్తే మీకూ, మీ దగ్గరికొచ్చే పేషెంట్లకూ నష్టం. ఇదంతా నాన్నగారికి మాటల్లో చెప్పొద్దు. ఏ నెలలో నెట్, ఎన్ని అప్లికేషన్లు, ఎంత ఖర్చు, 28 ఏళ్లకు సీటు గానీ ఫెలోషిప్ గానీ రాకపోతే ఏం చేస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. ఆ చివరి గడి ఖాళీగా ఉంచకండి.

విదేశాలకు వెళ్లకపోతే పెద్ద పని కాదేమో అన్న బెంగ కూడా మీ మాటల వెనక వినిపించింది. 1934 బిహార్ భూకంపం తర్వాత జనంలో తిరిగిన పుకార్లను జమునా ప్రసాద్ పోగుచేసి 1935లో ప్రచురించారు. భూమి కంపించినా నష్టం జరగని చోట్ల ఇంకా పెద్ద ఆపద రాబోతోందని పుకార్లు ఎందుకు పుట్టాయన్న ప్రశ్న, రెండు దశాబ్దాల తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్తను కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి, అంటే ఒకదానికొకటి పొసగని ఆలోచనలు మనిషిని ఇబ్బంది పెట్టి సర్దుకునేలా చేస్తాయన్న సిద్ధాంతానికి నడిపించింది. ఆ మాటలు పోగైంది మన బజార్లలోనే.

నోట్‌బుక్ పనికొస్తుందా అన్నారు. డేటాగా పనికిరాదు. అందులో ఉన్నవాళ్లెవరూ మీకు అనుమతి ఇవ్వలేదు, వాళ్ల పేర్లు ఏ పేపర్‌లోనూ రాకూడదు, ఎవరికీ చూపించకూడదు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక వేసవి క్యాంపులో ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త 22 మంది పిల్లలను రెండు జట్లు చేసి కొట్లాటకు దింపినప్పుడు, తాము ప్రయోగంలో ఉన్నామని ఆ పిల్లలకు తెలియదు. ఆ పని మీకు పాఠం చెప్తుంది, కానీ ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ దానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ప్రశ్నగా మాత్రం అది బంగారం. ఈ ఆదివారం తలుపు వేసుకుని మొత్తం తిరగేయండి. గీతలు లేని పేర్ల దగ్గర ఆగండి. వాళ్లు ఎప్పుడూ మౌనంగానే ఉన్నారా, లేక ఒక తేదీ తర్వాత ఆగిపోయారా? ఆ తేదీన ఏం జరిగింది? మీకు గుర్తున్నది ఒక్క పేజీలో, పేర్లు లేకుండా, తెలుగులోనే రాయండి. దాన్ని మీ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లండి.